అద్దెకు ఇంగ్లండు కంట్రీ హౌస్: బయట ఎంత సుఖమో, లోపల అంత కష్టం

ఒక తెలుగు చిత్రం కోసం చెన్నైలోని మా నిర్మాణ సంస్థ దక్షిణ ఇంగ్లండులో 18వ శతాబ్దం నాటి కంట్రీ హౌస్‌ను (పల్లెసీమలో సంపన్నులు కట్టించుకున్న పెద్ద భవంతిని) లొకేషన్‌గా తీసుకోగా, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ తరఫున నేను వెళ్లాను. ఇటువంటి భవనాలన్నిటి షరతులూ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక, అటువైపు చూస్తున్న ఇతర యూనిట్లకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. బయటి దృశ్యాలకూ, మెట్ల హాలుకూ ఇచ్చిన అద్దె పూర్తిగా గిట్టుబాటయింది. పడకగది, భోజనశాల వంటి లోపలి సన్నివేశాలకు మాత్రం ఆ డబ్బుతో చెన్నైలోనే సెట్ వేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ముందు బయటి సంగతి. మన దగ్గర ఏ పాత బంగళాను ఎంచుకున్నా, మేడ మీది నీళ్ల ట్యాంకో, పక్క అపార్ట్‌మెంటో, కేబుల్ తీగలో ఫ్రేములోకి వచ్చి తీరుతాయి. వాటిని గ్రాఫిక్స్‌లో చెరిపే ఖర్చును ఎవరూ లొకేషన్ అద్దెలో కలిపి లెక్కవేయరు. అక్కడ ఆ బెడద లేదు. ఇంటి ముందునుంచి చూస్తే పచ్చిక ఎక్కడా తెగకుండా చెరువు దాకా, దాని అవతలి చెట్ల దాకా సాగిపోతుంది. ఇది సహజంగా ఏర్పడినది కాదు. ఆ శతాబ్దంలో లాన్సెలాట్ బ్రౌన్ వంటి ఉద్యానశిల్పులు వాగులకు కట్టలు వేసి, చెట్లను గుంపులుగా నాటించి, ఇటువంటి దృశ్యాలను పనిగట్టుకుని కూర్చారు. పశువులను ఆపడానికి కంచె వేస్తే చూపుకు అడ్డమని, ఒక పక్క నిటారు గోడ, మరో పక్క ఏటవాలు ఉండేలా కందకం తవ్వించారు. ‘హా-హా’ అని పిలిచే ఆ కందకం ఇంటి వైపునుంచి చూసేవారికి ఉన్నట్టే తెలియదు. కెమెరాకు ఇంతకన్న ఏం కావాలి? క్రేను నడిపేవారికి మాత్రం దాని అంచు ఎక్కడుందో ముందే గుర్తులు పెట్టి చూపించాలి.

ఇటువంటి ఇళ్లు మన సినిమాలకు కొత్తవి కావు. 2001లో వచ్చిన హిందీ చిత్రం ‘కభీ ఖుషీ కభీ గమ్’లో ఢిల్లీ సంపన్నుల నివాసంగా కనిపించేది బకింగ్‌హామ్‌షైర్‌లోని వాడెస్డన్ మేనర్, రోత్‌షీల్డ్ కుటుంబీకుడొకరు 19వ శతాబ్దంలో ఫ్రెంచి కోటల శైలిలో కట్టించుకున్న ఇల్లది. ఇంగ్లండులోని ఫ్రెంచి ఇల్లు ఢిల్లీ ఇల్లుగా చెల్లిందంటే, ముఖద్వారం ఠీవిగా ఉంటే ప్రేక్షకుడు చిరునామా అడగడన్నమాట.

లోపల కథ వేరు. పట్టు తెరలూ, నీటిరంగుల చిత్రాలూ ఉన్న గదుల్లో వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటరాదనీ, తైలవర్ణ చిత్రాలున్న చోట 200 లక్స్ వరకు ఫరవాలేదనీ షరతు. ఆఫీసు గదికి 500 లక్స్ ఉండాలని లెక్క కనుక, ఆ 50 ఎంత మసకో ఊహించుకోవచ్చు. కాంతి వల్ల పట్టుకూ రంగులకూ కలిగే నష్టం ఏళ్ల తరబడి పోగవుతుందే తప్ప తిరిగి బాగుపడదు కాబట్టి, సంరక్షకుల పట్టుదలను తప్పుపట్టలేము. నేటి డిజిటల్ కెమెరాల వల్ల పని జరిగిపోయింది గాని, మన ప్రేక్షకులు కథానాయిక ముఖంమీద కోరుకునే వెలుగు అక్కడ దొరకదు. ట్రాలీ పట్టాల కింద ప్లైవుడ్ పరచాలి, లైటు స్టాండ్ల కాళ్లకు టెన్నిస్ బంతులు తొడగాలి, గోడకు టేపు కూడా అంటించకూడదు. కుర్చీ జరపాలన్నా ఇంటి మనిషే వచ్చి జరపాలి; షాట్ల మధ్య ఈ నిరీక్షణే మా సమయాన్ని ఎక్కువగా తినేసింది.

నిప్పు విషయంలో వారు అస్సలు మెత్తబడరు. 2015 ఏప్రిల్‌లో సర్రేలోని క్లాండన్ పార్క్ భవనం విద్యుత్ బోర్డు లోపంతో అంటుకుని లోపలి భాగం దాదాపు అంతా కాలిపోయిందని తెలిసినవారికి ఇది అతి అనిపించదు. కొవ్వొత్తులకూ, పొగ మెషిన్‌కూ అనుమతి లేదు; కరెంటు మన జనరేటర్‌దే వాడుకోవాలి. కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వాలన్నా ఇంటికి దూరంగా కంకర దారిమీదనే.

కాలం ఎంపిక కూడా చిక్కే. సందర్శకులకు తలుపులు మూసే చలికాలంలో ఇటువంటి ఇళ్లు సులువుగా దొరుకుతాయి, కాని డిసెంబరులో పగలు దాదాపు 8 గంటలే ఉంటుంది. జూన్‌లో 16 గంటలకు పైగా వెలుగుంటుంది, అయితే అప్పుడు పచ్చిక నిండా టికెట్టు కొన్న జనం ఉంటారు. లైవ్ సౌండ్ తీసుకునేవారు విమానాల మోతనూ గుర్తుంచుకోవాలి.

అద్దె మాట్లాడుకునేటప్పుడు సామాను దింపే రోజుకూ, సర్దే రోజుకూ ఎంత తీసుకుంటారో, అద్దె సమయం లెక్క గేటు తెరిచినప్పటినుంచి మొదలవుతుందో, మొదటి షాట్‌నుంచి మొదలవుతుందో కాగితం మీద రాయించుకోవాలి. డిపాజిట్, బీమా వేరు. ఇంట్లోని పాత కుర్చీలు కూర్చోవడానికి ఇవ్వరు కాబట్టి, నటులు కూర్చునే ఫర్నిచర్‌ను లండన్‌లో విడిగా అద్దెకు తెచ్చుకోవాలి; ఆ ఖర్చు మాకు వచ్చిన మొదటి కొటేషన్‌లో లేనేలేదు.