పెళ్లిళ్లకు ఏ లెన్స్ షార్ప్? మూడు లెన్స్‌లతో ఆరేళ్లు

నా బ్యాగులో ఇప్పుడు మూడు లెన్స్‌లున్నాయి. 2019 మొదట్లో సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీతో పాటు కొన్న టామ్రన్ 28-75 ఎఫ్ 2.8, మరుసటి ఏడాది తీసుకున్న సోనీ 85 ఎఫ్ 1.8, 2023లో అప్పు చేసి మరీ కొన్న సోనీ 24-70 జీఎం 2 (సోనీ ఖరీదైన లెన్స్‌ల వరుస). 28-75, 24-70 అనేవి జూమ్‌లు, అంకెలు మిల్లీమీటర్లలో; అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు కనబడుతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం, అంత పెద్దది. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తాను. ముహూర్తాలు ఎక్కువగా రాత్రిపూటే. అందుకే పగటి వెలుగులో ఏ లెన్స్ ఎలా తీస్తుందన్నది నాకు పెద్దగా పట్టదు.

మూడోది కొనడానికి కారణం షార్ప్‌నెస్ పిచ్చి, దాచడం దేనికి. వీడియోల్లో ఫొటోని 300 శాతం పెద్దది చేసి మూలలు చూపిస్తుంటే నా టామ్రన్ మీద నాకే చిన్నచూపు వచ్చింది. కంపెనీల ఎంటీఎఫ్ చార్టులు (లెన్స్ ఎంత షార్పో గీతల్లో చూపించేవి) పక్కపక్కన పెట్టుకుని గీతలు కూడా పోల్చాను. వాటిలో చాలావరకు డిజైన్ నుంచి లెక్కగట్టినవనీ, మన చేతికొచ్చే పీసును కొలిచినవి కావనీ తర్వాతెప్పుడో తెలిసింది.

జీఎం ఇంటికొచ్చిన రోజే గోడకి ఆదివారం పేపరు షీట్లు అతికించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో రెండు జూమ్‌లతోనూ తీశాను. ఎఫ్ 2.8 దగ్గర మధ్యలో అక్షరాలు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. మూలల్లో మాత్రం జీఎం ముందుంది, ఒత్తులూ వట్రుసుడులూ కూడా చదవగలిగాను. ఎఫ్ 5.6కి వచ్చేసరికి తేడాని వెతుక్కోవాల్సి వచ్చింది.

సరే, మరి పెళ్లి ఫొటోలో మూలల్లో ఏముంటుంది? అరటి పిలకలు, పురోహితుడి పంచె అంచు, సెల్‌ఫోన్ పట్టుకున్న ఎవరిదో చెయ్యి. పైగా మా ఆల్బమ్ షీటు 12x36 అంగుళాలు. సగం షీటుకి ఒక ఫొటో పెడితే 12x18. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600x5400 పిక్సెళ్లు చాలు. ఏ7 త్రీ ఇచ్చేదే 4000x6000. గోడ మీద పేపర్లో కనబడ్డ తేడా షీటు మీదకి చేరేసరికి మిగల్లేదు. రెండు లెన్స్‌ల ఫొటోలూ కలిపి మా ఆల్బమ్ డిజైనర్‌కి ఇచ్చి, ఏది దేనితో తీశానో చెప్పమన్నాను. "అన్నా, ఇందులో కళ్లు మూసుకున్నవి మూడున్నాయి, ముందు వాటి సంగతి చూడు" అన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు పాత హార్డ్ డిస్క్ తీసి, మసకగా ఉన్నాయని పక్కన పడేసిన ఫొటోలన్నీ చూశాను. లెన్స్ వల్ల చెడినవి దాదాపు లేవు. తలంబ్రాలు పోసేటప్పుడు 1/125 సెకను షట్టర్ దగ్గర వదిలేసినవి బోలెడు. చేతులూ గింజలూ గీతలయిపోయాయి. అక్కడ 1/500 తగ్గకూడదు, ఐఎస్ఓ (తక్కువ వెలుగులో ఫొటోని ప్రకాశవంతం చేసే సెట్టింగ్) పెరిగితే పెరగనీ. జీలకర్ర బెల్లం దగ్గర ఇంకో చిక్కు. అడ్డుతెర దించే క్షణంలో ఫోకస్ వెళ్లి తెర మీది స్వస్తిక్ ముద్రనే పట్టుకునేది. తెర దిగాక పూలదండల్ని పట్టుకునేది. 2019 ఏప్రిల్‌లో సోనీ ఇచ్చిన 3.0 ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కంటిని పట్టుకునే ఫోకస్ మెరుగుపడింది. పైసా ఖర్చు లేని ఆ అప్‌డేట్ నా ఫొటోల షార్ప్‌నెస్‌ని పెంచినంతగా ఏ లెన్సూ పెంచలేదు.

85 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ ఏడిపించిందీ, ఎక్కువ మెప్పు తెచ్చిందీ అదే. 371 గ్రాములే. రెండు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం సుమారు ఆరు సెంటీమీటర్లు. పెళ్లికూతురి కళ్లు బాగుంటాయి, చెవి జూకాలు కరిగిపోతాయి. కొన్నిసార్లు నుదుటి బాసికం ముత్యాలు పదునుగా వచ్చి కళ్లు మెత్తబడతాయి. కంప్యూటర్లో చూసి లెన్స్‌ని తిట్టుకుంటాం గానీ, తప్పు మన ఫోకస్ పాయింటుది. వధూవరులిద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టినప్పుడు రెండు ముఖాలూ ఒకే దూరంలో ఉండవు. అక్కడ ఎఫ్ 1.8 పెట్టి పెళ్లికొడుకుని మసకబార్చిన ఫొటోలు నా దగ్గర డజను పైనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కరే ఉంటే ఎఫ్ 2.2, ఇద్దరుంటే ఎఫ్ 4. ఇంకోటి, పెద్ద అపర్చర్ లెన్స్‌లు చాలావాటికి వెనక లైటు పడే జరీ అంచు చుట్టూ ఊదా రంగు గీత వస్తుంది. అపర్చర్ కాస్త మూస్తే తగ్గుతుంది.

బరువుకీ షార్ప్‌నెస్‌కీ సంబంధముందని చార్టులు చెప్పవు. టామ్రన్ 550 గ్రాములు, జీఎం 2 695 గ్రాములు. సాయంత్రం ఆరుకి తేడా తెలియదు. తెల్లవారుజామున మూడింటికి అరుంధతీ నక్షత్రం చూపించే వేళకి మణికట్టుకి తెలుస్తుంది, చెయ్యి అలిసి కదిలితే ఫొటో మసకబారుతుంది.

ఈ రెండు జూమ్‌ల మధ్యలో ఒక సెకండ్ హ్యాండ్ జూమ్ కూడా కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. చార్టుల్లో దానికి తిరుగులేదు. స్టేజీ మీద బంధువుల గ్రూపు తీస్తే కుడివైపు వాళ్లంతా స్పష్టంగా, ఎడమవైపు వాళ్లంతా మసకగా వచ్చారు. లోపల అద్దం ఒకటి పక్కకి జరిగిందట. ఎప్పుడైనా కింద పడి ఉండొచ్చు. అమ్మినతను ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పట్నుంచి పాతదైనా కొత్తదైనా ముందు గోడ మీద పేపరు పరీక్షే. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే ఫర్వాలేదు, ఒక్క మూల తేడాగా ఉంటే తిరిగి ఇచ్చెయ్యాలి.

మొదటి ఆర్డర్లకి సిద్ధమవుతున్న తమ్ముళ్లు అడిగితే టామ్రన్, 85 తీసుకోమంటాను. జీఎం ధర టామ్రన్ ధరకి రెట్టింపు పైమాటే. మిగిలిన డబ్బుతో మంచి ఫ్లాష్ వస్తుంది, వర్షాకాలంలో లెన్స్‌లకి ఫంగస్ పట్టకుండా ఒక డ్రై క్యాబినెట్ కూడా రావచ్చు.

మరి జీఎం ఎందుకు అమ్మలేదంటారా? మంగళస్నానాలు ఇంటి వరండాలో జరుగుతాయి. వెనక గోడ, ముందు ముత్తయిదువులు, అడుగు వెనక్కి వేద్దామంటే చోటుండదు. 28 దగ్గర 75 డిగ్రీలు కనబడితే 24 దగ్గర 84 డిగ్రీలు కనబడుతుంది. ఆ నాలుగు ఎంఎం కోసం ఉంచుకున్నాను. అయితే 24 దగ్గర గ్రూపు ఫొటో మాత్రం తియ్యను. చివర నిలబడ్డ మేనత్తలు ఉన్నదానికంటే లావుగా వస్తారు, ఆల్బమ్ ఇచ్చిన రోజున మాట మనకే పడుతుంది.