ఆకలి రోజుల ప్రేమ: క్యూబా నేపథ్యంలో ఓ వచన కవితా నవల

మార్గరీటా ఎంగల్ రాసిన ‘యువర్ హార్ట్, మై స్కై’ 1991 వేసవి క్యూబాలో మొదలవుతుంది. రేషన్ దుకాణంలో సరుకు ఉండదు, బస్సులకు డీజిల్ ఉండదు, పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ప్రభుత్వం మాత్రం దీన్ని కరువు అనదు, ‘శాంతికాలపు ప్రత్యేక దశ’ అంటుంది. జనం కూడా అలాగే అనాలి. 2021లో అథీనియం ప్రచురించిన ఈ నవలకు ‘లవ్ ఇన్ ఎ టైమ్ ఆఫ్ హంగర్’ అని ఉపశీర్షిక. టీనేజీ పాఠకుల కోసం రాసింది, మొత్తం వచన కవితల్లోనే సాగుతుంది.

కథ చిన్నది. వేసవి సెలవుల్లో పిల్లలంతా పొలాల్లో ‘స్వచ్ఛంద’ సేవకు వెళ్లాలి. పేరుకే స్వచ్ఛందం, ఎగ్గొడితే ప్రభుత్వం కన్ను పడుతుంది. లియానా ఎగ్గొడుతుంది. ఆమెకు ఆ తెగువ ఇచ్చింది ఆకలే. అమాదో కూడా వెళ్లడు. అతని అన్న జైల్లో ఉన్నాడు. సైన్యంలో చేరనని అమాదో ఆ అన్నకు మాటిచ్చాడు, ఆ మాట నిలబెట్టుకుంటే తనకూ జైలు తప్పదు. తిండి కోసం ఎవరి దారిన వాళ్లు తిరుగుతున్న ఈ ఇద్దరినీ ఒక కుక్క కలుపుతుంది. ఆ కుక్క పాడుతుంది, కొన్ని కవితలు దాని నోటి నుంచే వస్తాయి. ఇక్కడే కొందరు పుస్తకం మూసేస్తారు, తొందరపడకండి. దాని సంగతి తర్వాత చెబుతాం.

వచన కవితలో నవల అంటే తెలుగు పాఠకుడికి ముందు దీర్ఘ కవిత గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఒక్కో కవిత ఒకటి రెండు పేజీలు ఉంటుంది, దానికో శీర్షిక, మాట్లాడుతున్నది ఎవరో చెప్పే పేరు ఉంటాయి. గొంతులు మారుతూ కథ ముందుకు జరుగుతుంది. కవితకూ కవితకూ మధ్య జరిగింది చాలాసార్లు మనమే పూరించుకోవాలి. ఈ పద్ధతి ఈ కథకు బాగా అతికింది. ఆకలిగా ఉన్నవాడు పొడుగు వాక్యాలు మాట్లాడడు. ఒక పండు దొరికితే రోజంతా దాని మీదే ధ్యాస ఉంటుంది, దొరకని రోజు తిండి జ్ఞాపకాలే మిగులుతాయి. పాదం పొట్టిగా తెగి, పక్కన తెల్లకాగితం మిగిలితే ఆ లేమి కంటికే కనిపిస్తుంది. ఇదే కథ మామూలు వచనంలో రాసి ఉంటే, ప్రతి పూటా ఏం తిన్నారు, ఏం తినలేదు అన్న వివరాలు యాభై పేజీలకే విసుగు పుట్టించేవి.

ఇక్కడ ప్రేమ కూడా తిండి గుండానే నడుస్తుంది. ఉన్న కాస్తలో ఎదుటివాళ్లకు ఎంత ఇవ్వాలి? ఇంట్లో వాళ్లకు దాచాలా, ఇక్కడే పంచుకోవాలా? చూపులు కలవడం, సిగ్గుపడడం లాంటివి ఉన్నా, నిజమైన ఉద్వేగం ఈ లెక్కల్లోనే ఉంది. రచయిత్రి వృక్షశాస్త్రం చదివిన మనిషి. అందుకే మొక్క, పండు, విత్తనం ఆమె చేతిలో అలంకారాలుగా మిగిలిపోవు. ఏది తినొచ్చు, ఏది నాటితే నిలుస్తుంది అన్న ఎరుకతో కవితలోకి వస్తాయి. ఈ ఒక్క విషయంలో ఆమెను మించినవాళ్లు ఈ తరహా రచనలో తక్కువ.

లోపాల విషయానికొస్తే, మొదటిది గొంతులు. కవిత పైనున్న పేరు చేత్తో మూసి చదవండి, లియానా మాట్లాడుతోందా అమాదో మాట్లాడుతున్నాడా అన్నది చాలాచోట్ల చెప్పలేరు. ఇద్దరిదీ ఒకే నెమ్మది, ఒకే తరహా ఉపమ. జైలు, సైన్యం ప్రస్తావన వస్తే తప్ప తేడా తెలియదు. పుస్తకం మధ్య భాగం కాస్త సాగినట్టు అనిపించడానికి కారణం ఇదే, సంఘటనలు తక్కువ కావడం కాదు. కుక్క కవితలు పనికొచ్చేది ఇక్కడే. అది వాసనతో, చెవితో లోకాన్ని చూస్తుంది, మనుషులు పైకి చెప్పనిది పసిగడుతుంది. మొదట్లో చిన్నపిల్లల పుస్తకంలోంచి తప్పిపోయి వచ్చినట్టున్న ఆ గొంతే చివరికి మూడింటిలో విడిగా నిలబడుతుంది.

రెండో లోపం పెద్దది. ఆకలి ఎలా ఉంటుందో పుస్తకం గొప్పగా చెబుతుంది, ఎందుకు వచ్చిందో మాత్రం పైపైన తేల్చేస్తుంది. టీనేజీ పిల్లల గొంతులో ఆర్థికశాస్త్రం పలికించలేరు, నిజమే. కానీ నేపథ్యం తెలియని పాఠకుడు ‘చెడ్డ ప్రభుత్వం, మంచి జనం’ అన్న ముక్కతో బయటికి వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి మొదలుపెట్టే ముందు ఈ కాస్త తెలుసుకోండి. క్యూబా తన చక్కెరను సోవియట్ యూనియన్‌కు మంచి ధరకు అమ్మి, బదులుగా చమురు, ఎరువులు, యంత్రాలు, తిండిగింజలు తెచ్చుకునేది. విదేశీ వ్యాపారంలో సింహభాగం సోవియట్ కూటమి దేశాలతోనే. 1989 తర్వాత అది కూలింది. డీజిల్ లేక ట్రాక్టర్లు ఆగాయి, ఎరువు లేక దిగుబడి పడింది, పండిందాన్ని ఊళ్లకు చేర్చే లారీలూ నిలిచిపోయాయి. 1993 నాటికి దేశ ఉత్పత్తి మూడో వంతు దాకా తగ్గింది. 1962 నుంచి ఉన్న అమెరికా ఆంక్షలను ఇలాంటి సమయంలోనే, 1992లో, ఇంకో చట్టంతో బిగించారు. జనం చైనా సైకిళ్లెక్కారు. పోషకాహారం లేక 1992-93లో 50,000 మందికి పైగా నరాల జబ్బు బారిన పడ్డారు, చాలామందికి చూపు మందగించింది. డాలరు దగ్గర ఉంచుకోవడం 1993 దాకా నేరం. రైతులు మిగులు పంటను స్వేచ్ఛగా అమ్ముకునే బజార్లు 1994లో తెరిచారు. అదే ఏడాది ఆగస్టు 5న హవానా సముద్రపు ఒడ్డున జనం తిరగబడ్డారు, ఆ తర్వాత వారాల్లో 30,000 మందికి పైగా తెప్పల మీద సముద్రంలోకి దిగారు. మాస్కోలో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు ఆగిపోయిందీ ఇదే కూలుడులో. మనకు పుస్తకాలు పోయాయి, వాళ్లకు అన్నం పోయింది.

ఇవన్నీ తెలిసి చదివితే కొన్ని కవితలకు పదును పెరుగుతుంది. కథ మొదలయ్యే 1991 ఆగస్టులోనే క్యూబా పాన్ అమెరికన్ క్రీడలు జరిపింది. తిండికి తడుముకుంటున్న దేశం స్టేడియాలు కట్టి, విదేశీ అతిథులకు విందులు పెట్టింది. ఆకలి గురించి బయటివాళ్లతో మాట్లాడడం ఎందుకంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ద్వీపం విడిచి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న ఈ జంట ముందుకు వచ్చేసరికి, సముద్రం ఎంత దగ్గరో, ఎంత ప్రమాదమో మనకు ముందే తెలిసి ఉంటుంది. ముగింపు ఇక్కడ చెప్పడం లేదు.

ఇక చదివే పద్ధతి. అక్షరాల లెక్కన ఇది రెండు మూడు గంటల పుస్తకం, కానీ ఏకబిగిన లాగిస్తే ఒకేలాంటి కవితలు వరసగా తగిలి రుచి పోతుంది. ఇరవై, ముప్ఫై పేజీలకోసారి ఆపండి. బాగా చదవగలిగే ఇద్దరు ముగ్గురు ఉంటే గొంతులు పంచుకుని పైకి చదవండి, గొంతుల తేడా తక్కువన్న లోపం సగం కప్పబడిపోతుంది. పైకి చదివేటప్పుడు పాదం చివర చిన్న ఊపిరి ఆపాలి, చుక్క ఉన్నా లేకపోయినా. వాక్యాన్ని వచనంలా కలిపేసి చదివితే కవిత మామూలు డైరీలా వినిపిస్తుంది. స్పానిష్ మాటలు మధ్యమధ్యలో వస్తాయి, అర్థం చాలావరకు పక్క పాదంలోనే దొరుకుతుంది. లిబ్రేతా అంటే రేషన్ పుస్తకం, అపగోన్ అంటే కరెంటు కోత, బాల్సెరో అంటే తెప్ప మీద దేశం దాటేవాడు. ఆ కాలం గురించి ఏం చదివినా ఈ మూడూ తగులుతాయి.

ఇంగ్లిష్ తేలికే. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియంలో చదివేవాళ్లు నిఘంటువు లేకుండానే నెట్టుకురాగలరు. తెలుగు మీడియం పిల్లలకైతే ముందు ఒకటి రెండు కవితలు కలిసి చదివి, పాదం ఎక్కడ తెగుతోందో చూపిస్తే చాలు. మలుపులు, పోరాట సన్నివేశాలు కోరుకునే పాఠకులకు ఇది సరిపడదు. అలాంటివాళ్లు ఇదే రచయిత్రి 2008లో రాసిన ‘ది సరెండర్ ట్రీ’తో మొదలుపెట్టవచ్చు. అది 19వ శతాబ్దపు క్యూబా స్వాతంత్ర్య యుద్ధాల మీద రాసింది. గాయపడినవాళ్లకు అడవుల్లో, గుహల్లో వైద్యం చేసిన రోసా, ఆమె భర్త హోసే కథ. అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ ఆనర్‌ను 2009లో అందుకుంది. అందులో గొంతులు కూడా స్పష్టంగా వేరు.

కొనేటప్పుడు ఒక మాట. వీలైతే అచ్చు ప్రతి తీసుకోండి. ఫోన్‌లో అక్షరం పెద్దది చేస్తే పొడుగు పాదాలు రెండుగా విరిగి, కవి తెంచింది ఏదో, తెర తెంచింది ఏదో తెలియకుండా పోతుంది. ఈ-పుస్తకమే దిక్కైతే అక్షరం చిన్నది చేసి, ఫోన్ అడ్డంగా తిప్పుకుని చదవండి.