బరంపురంలో మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్ల డే సెంటర్: మా తమ్ముడు వెళ్తున్న చోటు ఎలా ఉంది?

పద్దెనిమిదేళ్లు నిండితే స్పెషల్ స్కూలు అయిపోయినట్టే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత చదువుకు 6 నుంచి 18 ఏళ్లనే హద్దు పెట్టింది. ఆ తర్వాత మేధోవైకల్యం ఉన్నవాళ్లలో చాలామంది టీవీ ముందు కూర్చుండిపోతారు. మా తమ్ముడూ కొన్నేళ్లు అలాగే ఉన్నాడు. ఇప్పుడు వాడికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, బరంపురంలోనే ఒక డే సెంటర్‌కు వెళ్తున్నాడు. ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి మనవాళ్లు ఫోన్ చేసి "చేర్చొచ్చా?" అని అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను. సెంటర్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఏ సెంటర్‌కు వెళ్లినా మీరు చూసుకోవాల్సినవే.

నాకు అన్నిటికంటే నచ్చింది, అక్కడ పెద్దవాళ్లను పెద్దవాళ్లలా చూడటం. గోడల మీద కుందేళ్ల బొమ్మలు లేవు, రైమ్స్ పాడించరు. వంటగది, ఇస్త్రీ బల్ల, మంచం, బట్టల అలమరా ఉన్నాయి. ఇంట్లో పనికొచ్చేదే అక్కడ నేర్పుతారు.

చేరిన కొత్తలో ఏమీ నేర్పలేదు, వాడేం చేయగలడో ఊరికే గమనించారు. మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అని ఒక పెద్ద పట్టిక ఉంది. 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున మొత్తం 360 అంశాలు. తినడం, బట్టలు వేసుకోవడం దగ్గర్నుంచి డబ్బు, టైమ్ దాకా అన్నీ అందులో ఉంటాయి. అది నింపాకే ఏం నేర్పాలో మాతో కూర్చుని తేల్చారు. నాన్న చదువు అడిగారు, అమ్మ చొక్కా గుండీలు అడిగింది. గుండీలతోనే మొదలుపెట్టారు.

దీదీ (అక్కడ టీచర్‌ను అలాగే పిలుస్తారు) నేర్పిన తీరు దగ్గరుండి చూశాను. పై గుండీలన్నీ తనే పెట్టేసింది. ఆఖరి గుండీని కాజాలోకి సగం దూర్చి, అవతలి నుంచి లాగడం మాత్రం వాడికి వదిలింది. అది చేతికొచ్చాక ఆఖరి గుండీ మొత్తం వాడిదే. ఆ తర్వాత కింది రెండు. ఇలా కింది నుంచి పైకి వచ్చారు. ఇలా చివరి నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసేది వాడే. పై నుంచి నేర్పబోతే రెండో గుండీకే విసుగొచ్చి చొక్కా విసిరికొట్టేవాడు, ఇంట్లో మేం అది చాలాసార్లు చూశాం.

డబ్బు లెక్క వాడికి రాదు, ఇక వస్తుందన్న ఆశా మాకు లేదు. అయినా కొట్టుకెళ్లి పాలు తెస్తున్నాడు. ఒక కార్డు మీద పాల ప్యాకెట్ ఫొటో, దాని కింద నోట్ల ఫొటోలు ఉంటాయి. తన దగ్గరున్న నోట్లను వాటి మీద ఒక్కొక్కటీ సరిపెట్టుకుంటాడు. ఖాళీ మిగలకపోతే బయల్దేరొచ్చు. ధర పెరిగితే కార్డు మారుస్తారు. మొదట సెంటర్‌లోనే ఉత్తుత్తి కొట్టు పెట్టి ఆడించారు, తర్వాత అన్నపూర్ణ మార్కెట్‌కే తీసుకెళ్లారు. ఆ జనంలో, ఆ హారన్ల మధ్య వాడు కార్డు తీసి నోట్లు పేర్చుకుంటుంటే కొట్టువాడు ఓపిగ్గా నిలబడ్డాడని దీదీ చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పడాల ప్యాకింగ్ కూడా ఇదే పద్ధతి. బరంపురం అప్పడాలకు పేరున్న ఊరు కాబట్టి పనికి కొదవ లేదు. గుండ్రాలు గీసిన పలక మీద ఒక్కో గుండ్రంలో ఒక్కో అప్పడం పెడతారు, పలక నిండితే ఒక కట్ట. కూలీ చాలా తక్కువ, కానీ కవర్లో పెట్టి వాడి చేతికే ఇస్తారు.

వంట అంటే అమ్మకు టెన్షన్. ఇండక్షన్ పొయ్యి, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటారని తెలిశాకే ఒప్పుకుంది. ఆడపిల్లలకు నెలసరి శుభ్రత ఆడవాళ్లే విడిగా నేర్పుతారు. ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే ఏం చేయాలో మగపిల్లలకూ నేర్పుతారు.

ఇక బాగాలేనివి. వ్యాన్ పెద్ద తలనొప్పి, మా వీధి దాకా రాదు. ఠాకురాణి యాత్ర (ఇక్కడి అమ్మవారి జాతర) జరిగే ఏడాదిలో రోడ్లు మూసేస్తే అసలు రాదు. రెండేళ్లకోసారి వచ్చే యాత్రకు ముందే ఏర్పాటు చేసుకోవచ్చు కదా! వాడు అక్కడ ఏం చేశాడో చెప్పే డైరీ ఒడియాలో రాస్తారు, నాన్న ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. దాహం, నొప్పి, బాత్రూమ్ లాంటి వాటికి వాడు ఇంట్లో వాడే తెలుగు మాటలు చేరిన రోజే రాసుకున్నారు. అలాంటివాళ్లకు డైరీ తెలుగులో రాయడం కష్టమేమీ కాదు. అసలు బాధ టీచర్లు నిలవకపోవడం. జీతం తక్కువ, వెళ్లిపోతారు. కొత్త దీదీ వస్తే వాడు వారాలపాటు దగ్గరికి రానివ్వడు, వచ్చిన పని కూడా మానేస్తాడు. నెలకు 2,000 ఫీజు, వ్యాన్‌కు 800 తీసుకుంటున్నప్పుడు టీచర్లను నిలుపుకునే బాధ్యత మేనేజ్‌మెంట్‌దే. ఈ మాట మీటింగ్‌లోనూ చెప్పాను.

కాగితాల విషయంలో మాత్రం బాగా సాయం చేశారు. నిరామయ ఇన్సూరెన్స్ ఫారం వాళ్లే నింపించారు, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 18 నిండాక అమ్మానాన్నలైనా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మా గంజాం జిల్లావాళ్లకు కలెక్టరేట్ ఛత్రపురంలో ఉంది. అమ్మానాన్నలు ఓపికగా తిరగగలిగినప్పుడే ఆ పని చేయించుకోండి.

చేర్చే ముందు టీచర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ (స్పెషల్ టీచర్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఒక పూట లోపల కూర్చుని చూస్తామనండి. ఒప్పుకోకపోతే ఇంకో చోటు వెతకండి. మమ్మల్ని ఒప్పుకున్నారు, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే పెట్టారు. వ్యాన్ సంగతి మీరు చూసుకోగలిగితే మీవాళ్లను నిశ్చింతగా చేర్చండి.