కూలిన గుడి కోసం పాత గోవా: ఎక్కడ దిగాం, ఎలా తిరిగాం, ఏం చూశాం

గోవా అంటే మనవాళ్లకి బీచ్. పాత గోవా అంటే బామ్ జీసస్ బాసిలికా ముందు ఒక ఫోటో, లోపల పునీత ఫ్రాన్సిస్ జేవియర్ గారి దేహం ఉన్న పేటికకి ఒక దణ్ణం, బయటికొచ్చి ఒక కొబ్బరిబోండం. టూర్ బస్సు వాళ్లు ఇచ్చే టైమ్ కూడా సరిగ్గా అంతకే సరిపోతుంది. ఆ బాసిలికాకి పడమటి వైపు చిన్న గుట్ట ఎక్కితే ఒక సగం టవర్ కనిపిస్తుంది. పక్కన సగం కూలిన గోడలు, పైన కప్పు లేదు. అది సెయింట్ అగస్టీన్ చర్చి. పాత గోవాలో ఎక్కువ సేపు గడపాల్సిన చోటు అదేనని నా అభిప్రాయం. ఈ రాతంతా దాని కోసమే. బీచ్‌ల గురించి రాసేవాళ్లు ఎలాగూ బోలెడంతమంది ఉన్నారు.

ముందు ప్రయాణం సంగతి. సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామాకి వారానికి రెండు రోజులు నేరుగా రైలుంది. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి మీదుగా పోతుంది కాబట్టి రాయలసీమ వాళ్లకీ పనికొస్తుంది. వెళ్లేటప్పుడు దూద్‌సాగర్ ఘాట్ చీకట్లోనే దాటిపోతుంది, తిరుగు ప్రయాణంలో పగటిపూట చూడొచ్చు. పాత గోవాకి దగ్గర స్టేషన్ కర్మలీ అయినా ఈ రైలు అటు వెళ్లదు. మడగావ్‌లో దిగి, గోవా ప్రభుత్వ కదంబ బస్సు పట్టుకుని పణజి చేరడం తేలిక. విమానంలో వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందు ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. దబోలిమ్ ఒకటి, 2023లో మొదలైన మోపా ఇంకొకటి. మోపా బాగా ఉత్తరాన ఉంది, అక్కణ్ణుంచి పణజికి టాక్సీ ఖర్చు విమానం టికెట్‌తో పోటీ పడుతుంది.

బస పణజిలో పెట్టుకున్నాం. కలంగూట్, బాగా బీచ్‌ల వైపు హోటళ్లు చౌకగా దొరికినా అక్కణ్ణుంచి పాత గోవాకి రోడ్డు మీదే సగం పూట పోతుంది. పణజిలో రెండు రకాల బసలున్నాయి. ఫోంటెయిన్యాస్ వీధుల్లో పాత పోర్చుగీసు ఇళ్లని గెస్ట్‌హౌస్‌లు చేశారు. రంగు గోడలు, చెక్క మెట్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మేం దిగిన దాంట్లో మాత్రం లిఫ్ట్ లేదు, బాత్రూమ్ ఇరుకు, అద్దె ఎక్కువ, పొద్దున్నే కిటికీ కింద ఫోటోషూట్ల గోల. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి ఆ మెట్లు నరకం. మర్నాడే మార్కెట్ దగ్గర మామూలు లాడ్జికి మారాం. అందం లేదు కానీ లిఫ్ట్ ఉంది, వేణ్ణీళ్లు వచ్చాయి, కింద ఉడిపి హోటల్ ఉంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇదే నయం. ఇద్దరే వెళ్తే ఒక్క రాత్రి ఫోంటెయిన్యాస్‌లో ఉండొచ్చు.

పణజి బస్టాండ్ నుంచి పాత గోవాకి పది కిలోమీటర్లు కూడా ఉండదు. బస్సులు వరసగా ఉంటాయి, చిల్లరతో పోతుంది, మాండవి ఒడ్డున రిబందర్ మీదుగా వెళ్లేది దొరికితే ఇంకా మంచిది. హోటల్ బయట ఒక టాక్సీ ఆయన ‘వెయిటింగ్‌తో కలిపి’ అని చెప్పిన రేటు విని అత్తగారు బస్సే ఎక్కుదామన్నారు. గోవాలో ఓలా, ఊబర్ లేవు. గోవామైల్స్ యాప్ ఉంది గానీ అన్ని చోట్లకీ బండి రాదు. స్కూటర్ అద్దెకి తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్నదే తీసుకోండి, లేకపోతే పోలీసులతో టెన్షన్.

బామ్ జీసస్‌కి పొద్దున్నే వెళ్లాం. మన కతోలిక ఇళ్లలో జేవియర్ గారి పేరు పెట్టుకున్న శౌరయ్యలు, శౌరమ్మలు ఎందరున్నారో చెప్పక్కర్లేదు, అత్తగారి పుట్టింట్లోనే ముగ్గురు. ఆవిడకి ఇది యాత్ర. వెండి పేటికని 1636-37లో గోవా కంసాలులే చేశారు. దాని కింది పాలరాతి పీఠం ఫ్లారెన్స్ శిల్పి ఫొగ్గినీ పని, టస్కనీ ప్రభువు కానుకగా పంపితే 1698లో ఇక్కడ నిలబెట్టారు. మన వెండిపని, ఇటలీ రాతిపని ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయన్నమాట. పేటిక ఎత్తులో ఉంటుంది, కళ్లద్దాలు మర్చిపోకండి. నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లతో వస్తే ఆపుతారు. తొమ్మిది దాటాక టూర్ బస్సులు దిగుతాయి, ఆ తర్వాత లోపల తోపులాటే.

అక్కణ్ణుంచి గుట్ట ఎక్కుదామంటే అత్తగారు “పడిపోయిన గుడి చూడ్డానికి ఎండలో కొండెక్కడమేంటి బాబూ?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

సెయింట్ అగస్టీన్ గుడి దానంతటది పడిపోలేదు, పడనిచ్చారు. అగస్టీనియన్ సన్యాసులు గోవాకి 1572లో వచ్చారు. ఇప్పుడు కనిపించే గుడిని 1597లో మొదలుపెట్టి 1602లో పూర్తిచేశారు. కృపామాత పేరు మీద గుడి, ఆనుకునే మఠం. ముందు రెండు టవర్లు, మధ్యలో ముఖద్వారం, లోపల పొడవాటి మందిరం, రెండు పక్కలా చిన్న పీఠాల గదులు. ఇది కట్టినప్పుడు కప్పు రెండుసార్లు కూలిందని, మూడోసారి ఇటలీ మేస్త్రీ తన ఒక్కగానొక్క కొడుకుతో సరిగ్గా కప్పు కింద నిలబడి ఫిరంగి పేల్చమన్నాడని, కప్పు చలించలేదని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ ఆ కప్పు రెండు వందల ఏళ్లకి పైగా నిలిచింది.

తర్వాత రాజకీయం దెబ్బకొట్టింది. మలేరియా, కలరాలతో ఊరు అప్పటికే ఖాళీ అవుతూ ఉంది. వైస్రాయ్ 1759లోనే పణజి వైపు మారిపోయాడు. 1834లో పోర్చుగల్‌లో సన్యాస సభలన్నిటినీ రద్దు చేశారు, మరుసటి ఏడు ఆ చట్టం గోవాకీ వచ్చింది. సన్యాసులు వెళ్లిపోయారు, ఆస్తి సర్కారుది అయింది. ఇక్కడి కట్టడాలన్నీ ఎర్రటి జంబిటిటుక రాయివి (లేటరైట్). నిండా రంధ్రాలుండే రాయి, నీటిని పీల్చుకుంటుంది. పైన సున్నం పూత ఉండాలి, ప్రతి వానాకాలానికీ మరమ్మతు జరగాలి. చూసే దిక్కులేక 1842లో కప్పు కూలింది. 1931లో ముఖభాగం, టవర్‌లో సగం పడ్డాయి. మిగిలిన ముక్క ఎత్తే 46 మీటర్లు. బామ్ జీసస్ గోడల సున్నాన్ని కూడా 1950లలో ‘పాతదనం కనిపించాలని’ గీకేశారు, ఇప్పుడు ఆ రాయి అరుగుతోందని గోవా వాళ్లు గోల పెడుతున్నారు. అగస్టీన్‌ని చూసొచ్చాక ఆ గోల ఎందుకో అర్థమవుతుంది.

శిథిలాల దగ్గర టికెట్ లేదు, గైడ్లు లేరు. పురావస్తు శాఖ బోర్డులున్నాయి, ఏ గది ఏదో పోల్చుకోడానికి సరిపోతాయి. నిలిచి ఉన్న చర్చిలో బంగారు పూత, జనం, కెమెరాల మధ్య కట్టడం కనపడదు. ఇక్కడ గోడ మందం, రాతి వరసలు, కమాను ఎక్కణ్ణుంచి లేచిందో అన్నీ తెరిచి పెట్టినట్టు ఉంటాయి. బిల్డింగ్ పని తెలిసినవాళ్లు ఎవరైనా వెంట ఉంటే ఇంకా బాగుంటుంది.

కళ అంటే ఇక్కడ మిగిలినవి రెండు. ఒకటి నేల. మందిరం పొడవునా సమాధి బండలు, వాటి మీద వంశ చిహ్నాలు, డాలు, శిరస్త్రాణం, కింద పోర్చుగీసు అక్షరాలు. బాగా అరిగిన వాటిని పక్కవాటు ఎండలో చూస్తేనే చదవగలం, కాబట్టి పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్లండి. రెండోది పెంకుల పని. 17వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు గోడలకి వేయించిన అజులేజో పలకలు, అంటే బొమ్మలు వేసిన మెరుగు పెంకులు, నీలం, పసుపు, తెలుపు. పక్క గదుల్లో ఒక గోడ మీద కొన్ని పలకలు ఇంకా అంటుకునే ఉన్నాయి. దగ్గరికెళ్తే తీగ ఒక పలకలో మొదలై పక్క పలకలో పువ్వు పూస్తుంది, ఆ తర్వాతది రాలిపోయింది. రాలిన చోట సున్నం మీద పలక అంచుల గీతలు చదరంగా మిగిలాయి, అందుకే లేని పలకలని కూడా లెక్కపెట్టొచ్చు. కుంచె నీలం అంచు దాటి కొంచెం పాకిన చోట్లున్నాయి. ఎవరో తొందరలో ఉన్నాడనిపించింది.

మన హైదరాబాద్‌కి ఈ గుడితో ఒక నిజమైన సంబంధం ఉంది. జార్జియా దేశపు రాణి కెటెవాన్‌ని మతం మార్చుకోనన్నందుకు 1624లో షిరాజ్‌లో ఇరాన్ రాజు షా అబ్బాస్ చిత్రహింసలు పెట్టి చంపించాడు. అక్కడున్న అగస్టీనియన్ సన్యాసులు ఆమె అవశేషాలని రహస్యంగా తీసి దాచారు, కొన్నిటిని 1627లో గోవా మఠానికి చేర్చారు. పాత పోర్చుగీసు రాతల్లో గుర్తులు కూడా ఇచ్చారు: ఫలానా గది, రెండో కిటికీ దగ్గర నల్లరాతి పెట్టె. కానీ గదే కూలిపోయింది కదా. ఏళ్ల తరబడి వెతికితే 2004లో పురావస్తు శాఖ వాళ్లకి ఆ చోట ఒక చేతి ఎముక దొరికింది. దాన్ని తేల్చింది హబ్సిగూడలోని సీసీఎంబీ, జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ. ఎముకలో దొరికిన తల్లివైపు డీఎన్‌ఏ రకం మన దేశంలో కనపడనిది, జార్జియా వైపు ఉన్నది. రాతలు, తవ్వకం, డీఎన్‌ఏ మూడూ ఒకే చోటికి చూపిస్తున్నాయి కాబట్టి ఆ ఎముక రాణిదే అయ్యుండొచ్చని వాళ్లు తేల్చారు. 2021లో మన విదేశాంగ మంత్రి ఆ అవశేషాన్ని జార్జియాకి అప్పగించారు. ఉప్పల్ రోడ్డు మీద ఆ ప్రహరీ పక్కనుంచి ఎన్ని వందలసార్లు పోయి ఉంటామో. ఈ కథ చెప్పాక అత్తగారు మోకాళ్ల సంగతి మర్చిపోయి ఆ గది ఎక్కడుందో చూపించమన్నారు, సిలువ గుర్తు వేసుకుని కాసేపు జపమాల చెప్పుకున్నారు.

ఎదురుగానే శాంతా మోనికా మఠం, అందులో క్రైస్తవ కళా మ్యూజియం. మరమ్మతుల తర్వాత 2022లో మళ్లీ తెరిచారు. టికెట్ ఉంది, పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. లైటింగ్ బాగుంది, వివరాలు చదివేలా రాశారు, టాయిలెట్లు శుభ్రం. పెలికాన్ పక్షి ఆకారంలో ఉన్న వెండి సత్ప్రసాద పాత్ర, దంతపు బాల యేసులు చూడండి. దంతం చెక్కిన చేతులు ఇక్కడివేనని ఆ మొహాలు చూడగానే తెలుస్తుంది. ఎదుట శిథిలంలో గోడలే మిగిలాయి, గోడల మధ్య ఎలాంటి సామాను ఉండేదో ఇక్కడ ఊహకి అందుతుంది. అందుకే ముందు శిథిలం, తర్వాత మ్యూజియం. సే కథీడ్రల్ పక్కనున్న పురావస్తు మ్యూజియం దీని ముందు కొంచెం వెలవెలబోతుంది, శుక్రవారం సెలవు కూడా.

టైమ్ ఉంటే ఊరి తూర్పు కొసన సెయింట్ పాల్స్ కాలేజీ కమాను. ఇది నిజంగా పనిగట్టుకుని పడగొట్టింది, 1832లో. ఇండియాలో మొదటి అచ్చుయంత్రం 1556లో నడిచింది ఇక్కడే. 1554లో జేవియర్ గారి దేహాన్ని తెచ్చి మొదట ఉంచిందీ ఇక్కడే. మిగిలింది ఒక కమాను, దాని పక్క స్తంభాలు. రోడ్డు పక్కన ఐదు నిమిషాల్లో చూసేస్తాం. దీని కోసం విడిగా ఆటో మాట్లాడుకోవడం దండగ, మౌంట్ చాపెల్‌కి వెళ్తుంటే దారిలో ఆగండి.

గుళ్లు కూలిన కథ ఇక్కడ చర్చిలదే కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు పాలకులు హిందూ ఆలయాలని పడగొడుతుంటే భక్తులు దేవుళ్లని నది దాటించి పోండా వైపు తీసుకుపోయారు. మంగేశీ ఆలయం అలా 1560లో కుశస్థలి నుంచి వెళ్లిందే. పాత గోవా నుంచి పోండా బస్సులో మంగేశీ అరగంట లోపే. మన టూర్ ప్యాకేజీల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, మధ్యనున్న సంబంధం మాత్రం ఏ గైడూ చెప్పగా వినలేదు.

తిండి విషయంలో పాత గోవాని నమ్ముకోవద్దు. గాంధీ సర్కిల్ దగ్గర నిమ్మసోడా, వడాపావ్, శాండ్‌విచ్‌లు. ఒక చోట కోకమ్ షర్బత్ బాగుంది. భోజనం పణజికొచ్చి చేశాం: చేపల థాలీ, సోల్‌కఢీ, అత్తగారికి ఉడిపిలో సాంబారన్నం. మన కారం ఆశించకండి. వానాకాలంలో వెళ్తే గుట్ట పచ్చగా అందంగా ఉంటుంది గానీ సమాధి బండల మీద నాచు పడుతుంది, పెద్దవాళ్లకి ప్రమాదం. డిసెంబర్, జనవరి నెలల్లో గదుల అద్దెలు రెట్టింపు. నవంబర్ మొదట్లో వెళ్లడం మేలు.

సాయంత్రం పణజిలో అమలోద్భవి మాత చర్చికి వెళ్లాం, తెల్లటి మెట్ల వరసలతో సినిమాల్లో కనిపించేది అదే. పైన మధ్యలో ఉన్న పెద్ద గంట అగస్టీన్ టవర్‌దే. 2,250 కిలోల బరువు. గోవాలో దీనికన్నా పెద్దది సే కథీడ్రల్ గంట ఒక్కటే. మఠం మూతపడ్డాక దీన్ని అగ్వాడా కోట లైట్‌హౌస్‌కి పంపారు, ముప్ఫై ఏళ్లు అక్కడ పనిచేసి 1871లో ఇక్కడికొచ్చింది. బ్యాంకు ఉద్యోగి భార్యగా ఊళ్లు మారీ మారీ విసిగిన మా అత్తగారు “దీనికీ ట్రాన్స్‌ఫర్లు తప్పలేదన్నమాట” అన్నారు. గంట దగ్గరికి పైకి వెళ్లనివ్వరు, రోడ్డు అవతలి పార్కు నుంచి బాగా కనిపిస్తుంది. మెట్లు ఎక్కలేనివాళ్లకి అదే మంచి చోటు, బెంచీలు కూడా ఉన్నాయి.