బస్తాల బరువుతో తేలని పని: సాగరతీరంలో విద్యార్థుల చెత్త ఏరివేత సేవపై ఒక సమీక్ష

పర్యాటకుల రద్దీ ఎక్కువగా ఉండే ఒక సాగరతీరంలో సెలవు రోజుల్లో విద్యార్థి వలంటీర్లు చెత్త ఏరుతున్నారు. ఈ సమీక్ష ఆ సేవ గురించి. రుసుము తీసుకోకుండా చేస్తున్న పనిని తూకం వేయడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ అందులో పదుల మంది పిల్లల ఉదయపు వేళ, శ్రమ, ఉత్సాహం ఖర్చవుతున్నాయి. పైగా ఇసుకలో బతికే జీవులకు ఆ పని వల్ల మేలు జరగవచ్చు, తెలియక చేస్తే కీడూ జరగవచ్చు. అందువల్ల డబ్బిచ్చి పొందే సేవను ఎంత శ్రద్ధగా పరిశీలిస్తామో దీన్నీ అంతే శ్రద్ధగా పరిశీలించాలన్నది నా అభిప్రాయం. నేను వారితో కలిసి ఏరాను, వారు వెళ్ళిపోయాక అదే ఇసుకపై మళ్ళీ నడిచి చూశాను. ఏరడంలో ఈ బృందం పనితనం చాలా బాగుంది, లెక్క రాయడంలో సగం మాత్రమే బాగుంది, ఏరిన దాన్ని ఏం చేయాలన్న విషయంలో మాత్రం బాగా వెనుకబడి ఉంది.

ముందుగా మెచ్చుకోవలసింది వేళ ఎంపికను. నిర్వాహకులు ఆటుపోట్ల పట్టిక చూసుకొని, నీరు వెనక్కి తగ్గే సమయానికి పని మొదలుపెట్టారు. పోటు ఎంతవరకు వచ్చి వెళ్ళిందో అక్కడ నాచు, పుల్లలు, గవ్వలతో పాటు సముద్రం మోసుకొచ్చిన చెత్త ఒక గీతలా మిగిలిపోతుంది. ఆ గీత వెంట నడిచే బృందానికి తక్కువ నడకలో ఎక్కువ చెత్త దొరుకుతుంది. సందర్శకులు వదిలేసిన చెత్త ఉండే చోట్లు వేరు. మెట్ల దగ్గర, అంగళ్ళ వెనుక, కూర్చోవడానికి వీలున్న నీడపట్టున, గాలికి ఎగిరిన కవర్లు చిక్కుకునే పొదల మొదళ్ళలో అది పేరుకుంటుంది. విద్యార్థులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును నీటి వైపుకు, మరో జట్టును మెట్ల వైపుకు పంపడం వల్ల సముద్రం తెచ్చినదేదో, మనుషులు అక్కడే పారేసినదేదో విడివిడిగా కనబడింది. ఈ ఏర్పాటు చూడడానికి చిన్నదే గాని, ఆ తీరంలో చెత్త ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడానికి ఇంతకన్న సులువైన మార్గం లేదు.

పనిముట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వలంటీర్లు రెండోసారి వస్తారా రారా అన్నది చాలావరకు వాటిపైనే ఆధారపడి ఉంటుంది. పొడవాటి పిడి, చివర రబ్బరు పూత ఉన్న పట్టుకార్లు ఇచ్చారు. సీసాలు, డబ్బాలు, రేపర్లు ఏరడానికి అవి చక్కగా ఉపయోగపడ్డాయి, నడుము వంచే శ్రమను తగ్గించాయి. తడి ఇసుకలో సగం కూరుకుపోయిన స్ట్రాలు, మూతలు, సిగరెట్ పీకల దగ్గర మాత్రం వాటి పట్టు జారిపోయింది. అక్కడ చేతులే దిక్కు. చేతికి ఇచ్చిన చేతొడుగులేమో ఒక్కసారి వాడి పారేసే పలుచని రకం. గవ్వ అంచు తగిలితేనే చిరిగిపోయాయి, చిరిగిన ముక్కలు మళ్ళీ ఇసుకలోనే పడ్డాయి. చెత్త ఏరడానికి వచ్చినవాళ్ళ చేతుల నుంచే చెత్త రాలడం చూస్తే బాధ కలిగింది. అరచేతి వైపు రబ్బరు పూత ఉండి, ఉతికి మళ్ళీ వాడుకోగలిగే గుడ్డ చేతొడుగులు సమకూర్చితే ఈ లోపం పోతుంది. సంచులకు బదులు బకెట్లు వాడడం మాత్రం చాలా మంచి నిర్ణయం. బకెట్‌ను గాలి ఎగరేయలేదు, గాజుపెంకు చీల్చలేదు, నిండాక బస్తాలో గుమ్మరించి మళ్ళీ వాడుకోవచ్చు.

ఈ సేవలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది జల్లెడల జట్టు. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలను శాస్త్రవేత్తలు మైక్రోప్లాస్టిక్ అంటారు. పట్టుకారుతో ఏరేవారికి అవి కనబడవు, తీరం శుభ్రపడిందని అందరూ చప్పట్లు కొట్టాక కూడా అవి ఇసుకలోనే ఉంటాయి. విద్యార్థులు పొడి ఇసుకను జల్లెడ పట్టి, పైన మిగిలినదాన్ని సముద్రపు నీరు నింపిన తొట్టిలో వేశారు. పాలిథిన్, పాలిప్రొపిలీన్ నీటికన్నా తేలిక కాబట్టి ఆ ముక్కలు పైకి తేలాయి, ఇసుక అడుక్కు చేరింది. సీసాలు తయారుచేసే పెట్ రకం ప్లాస్టిక్ నీటికన్నా బరువు గనుక అది ఇసుకతో పాటే మునుగుతుంది, దాన్ని కంటితో చూసి ఏరుకోవలసిందే. తడి ఇసుకతో జల్లెడ పూడుకుపోతుందని వారే తెలుసుకొని, పోటు గీతకు పైనున్న పొడి భాగానికి మారారు. తేలిన వాటిలో విరిగిన డబ్బాల ముక్కలు, థర్మోకోల్ పూసలు ఎక్కువ. కొన్ని తీరాల్లో వాటితో పాటు ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకుగా వాడే గుళికలు కూడా దొరుకుతాయి. 2021లో శ్రీలంక తీరానికి దగ్గరలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ తగలబడినప్పుడు అలాంటి గుళికలు తీరమంతా మేటలు వేశాయి, అక్కడ కూడా జల్లెడలతోనే వాటిని వేరుచేయవలసి వచ్చింది. ఇంత విలువైన పనికి ఇక్కడ కేటాయించిన జల్లెడలు మరీ తక్కువ. పట్టుకార్లు కొన్ని తగ్గించైనా వీటిని పెంచాలి.

సిగరెట్ పీకల విషయంలో మాత్రం కొంత నిర్లక్ష్యం కనబడింది. పెద్ద వస్తువు దొరికితే బకెట్ త్వరగా నిండుతుంది కాబట్టి, పిల్లలు పీకలను దాటుకొని సీసాల వైపు పరుగెత్తారు. ఆ ఫిల్టర్ చూడడానికి దూదిలా ఉన్నా నిజానికి అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పోగు, పొగలోని నికోటిన్‌ను, ఇతర విషపదార్థాలను పట్టి ఉంచుకొని నీటిలో వదులుతుంది. ప్రపంచవ్యాప్తంగా తీరాల్లో ఏరిన వస్తువుల లెక్కల్లో దశాబ్దాల పాటు మొదటి స్థానం పీకలదే. 2019 ఏరివేతల్లోనే తొలిసారిగా తినుబండారాల రేపర్లు వాటిని దాటాయి. పని మొదలుకాకముందే ఈ సంగతి పిల్లలకు చెప్పి ఉంటే, వాటిని ఎవరూ దాటిపోయేవారు కాదు.

ఇక లెక్క రాసే పని. అంతర్జాతీయ తీర శుభ్రత దినంగా ప్రసిద్ధమైన కార్యక్రమానికి మూలం 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో జరిగిన ఏరివేత. లిండా మరానిస్, క్యాథీ ఒహారా అనే ఇద్దరు మహిళలు దానికి పూనుకోగా సుమారు 2,800 మంది వచ్చారు. ఏరి ఊరుకోకుండా, దొరికిన ప్రతి వస్తువునూ ఒక కార్డు మీద రకాలవారీగా నమోదు చేయించడమే వారు చేసిన గొప్ప పని. ఏది ఓడల నుంచి పడిందో, ఏది ఒడ్డున పారేసిందో చూపే ఆధారం అలా తయారైంది. ఓడలు ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయడాన్ని నిషేధించే మార్పోల్ ఒడంబడిక ఐదవ అనుబంధం 1988 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చింది. ఆ కాలంలో జరిగిన చర్చలకు ఇటువంటి నమోదులు బలమిచ్చాయి. నేటికీ సెప్టెంబర్ మూడో శనివారం జరిగే ఆ కార్యక్రమంలో అదే పద్ధతి కొనసాగుతోంది, కార్డుకు తోడు ఫోన్‌లో నమోదు చేసే క్లీన్ స్వెల్ అనే యాప్ కూడా వచ్చింది.

ఇక్కడి బృందం కూడా నలుగురికి ఒక కార్డు ఇచ్చి, ముగ్గురు ఏరుతుంటే ఒకరు గీతలు గీసేలా ఏర్పాటు చేసింది. మొదట్లో ఆ పని ఎంతో క్రమంగా సాగింది. ఎండ ముదిరేసరికి గీతలు పలచబడ్డాయి, చివరికి చాలా జట్లు అంచనాతో అంకెలు వేసి కార్డులు అప్పగించాయి. ముగింపులో మైకులో ప్రకటించినది మొత్తం బరువు మాత్రమే. ఆ బరువులో తడి ఇసుక ఎంతో, గాజు ఎంతో ఎవరు చెప్పగలరు? ఒక గాజుసీసా తూగేంత బరువుకు థర్మోకోల్ పూసలు ఒక బస్తా కావాలి, సముద్రానికి హాని మాత్రం ఆ పూసల వల్లే ఎక్కువ. బరువును విజయానికి కొలతగా పెట్టినంత కాలం పిల్లల చూపు పెద్ద వస్తువుల మీదే ఉంటుంది, పీకలను దాటిపోవడానికి అసలు కారణం కూడా ఇదేనని నాకు అనిపించింది.

దీనికి ఒక సులువైన ప్రత్యామ్నాయం ఉంది. ఇజ్రాయెల్‌లో రూపొందించిన తీర శుభ్రతా సూచిక ప్రకారం, ఒక నిర్ణీత విస్తీర్ణంలో 2 సెంటీమీటర్లకు మించిన ప్లాస్టిక్ ముక్కలను లెక్కపెట్టి, చదరపు మీటరుకు ఎన్నో తేల్చి, దాన్ని 20తో గుణిస్తారు. 2 లోపు వస్తే తీరం చాలా శుభ్రంగా ఉన్నట్టు, 5 నుంచి 10 అయితే ఒక మాదిరిగా ఉన్నట్టు, 20 దాటితే అత్యంత మురికిగా ఉన్నట్టు. ఉదాహరణకు 100 చదరపు మీటర్లలో 40 ముక్కలుంటే సూచిక 8 అవుతుంది, ఏరిన తర్వాత 8 ముక్కలే మిగిలితే 1.6కు దిగుతుంది. పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లెక్కిస్తే చేసిన పని ఎంతో తెలుస్తుంది. కొన్నాళ్ళకు వచ్చి మళ్ళీ లెక్కిస్తే చెత్త ఎంత వేగంగా తిరిగి చేరుతోందో కూడా తెలుస్తుంది. చిన్న ముక్కలు ఇందులో చేరవు కాబట్టి జల్లెడ లెక్కను విడిగా రాసుకోవాలి. ఈ గణితం హైస్కూలు పిల్లలకు ఏమాత్రం కష్టం కాదు.

యంత్రాలతో పోల్చి చూసినప్పుడు ఈ సేవ విలువ బాగా తెలుస్తుంది. ట్రాక్టరు వెనుక తగిలించి ఇసుకను జల్లించే యంత్రాలు వేగంగా పనిచేస్తాయి గాని, చెత్తతో పాటు ఒడ్డుకు చేరిన నాచును కూడా ఎత్తుకుపోతాయి. ఆ నాచు కిందే ఇసుక పురుగులు బతుకుతాయి, వాటిని తిని తీరపు పక్షులు బతుకుతాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో యంత్రపు చక్రాలు గూళ్ళను తొక్కే ప్రమాదం కూడా ఉంది. చేతితో ఏరేవారు నాచులో చిక్కుకున్న తాడును లాగి, నాచును అక్కడే వదలగలరు. ఈ బృంద నాయకురాలు మొదట్లోనే నాచును, గవ్వలను, కొట్టుకొచ్చిన దుంగలను తాకవద్దని, పీతల బొరియల మీద బకెట్లు పెట్టవద్దని స్పష్టంగా చెప్పింది. ఒకరిద్దరు చిన్నపిల్లలు ఉత్సాహంలో నాచును కూడా బకెట్‌లో వేస్తే, గద్దించకుండా కారణం వివరించి మళ్ళీ ఒడ్డున పరిపించింది. ఈ మాట ఎన్నో ఏరివేతల్లో ఎవరూ చెప్పరు.

భద్రత విషయంలో జాగ్రత్త సరిపడా ఉంది. సూదులు, తెలియని ద్రవాలున్న సీసాలు కనబడితే తాకకుండా పెద్దలను పిలవాలన్న నియమం పాటించారు, సూదుల కోసం మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి విడిగా పెట్టారు. లోతుగా పూడుకుపోయిన వలలను బలంగా లాగకుండా, పైకి కనబడే మేరకే కోసి తీశారు.

అసలైన కొరత పని ముగిశాక బయటపడింది. బస్తాలన్నీ వరుసగా పేర్చి, వాటి వెనుక నిలబడి ఫొటో దిగి, విద్యార్థులు వెళ్ళిపోయారు. వాటిని తీసుకెళ్ళవలసిన బండి ఆ పూట రాలేదు. సాయంత్రానికి కుక్కలు రెండు బస్తాలను చీల్చాయి, కాకులు మిగతా పని పూర్తిచేశాయి, గాలి ఆ రేపర్లను మళ్ళీ పొదల దాకా చేర్చింది. తప్పు పిల్లలది కాదు. బండి ఏ వేళకు వస్తుందో ముందుగా రాతపూర్వకంగా తేల్చుకోవలసినది నిర్వాహకులు. బండి వచ్చేవరకు ఇద్దరు పెద్దలు అక్కడ ఉంటే చాలు. లేకపోతే రోజూ అదే తీరాన్ని ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు పని తగ్గకపోగా రెట్టింపవుతుంది. వాళ్ళను ముందే కలిసి ఏ చోట చెత్త ఎక్కువగా చేరుతుందో అడగడం, బస్తాలు ఎక్కడ పెడితే బండికి వీలో తెలుసుకోవడం ఈ ప్రణాళికలో మొదటి అడుగు కావాలి.

వేరుచేయడం గురించి కూడా పిల్లలకు నిజం చెప్పాలి. ఏరినదంతా రీసైక్లింగ్‌కు వెళుతుందని ఒక వలంటీరు ఎంతో నమ్మకంగా నాతో అన్నాడు. ఉప్పు, ఇసుక పట్టి, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌ను కొనేవారు అరుదు. శుభ్రమైన సీసాలు, లోహపు డబ్బాలు, గాజు విడిగా పెడితే వాటికి దారి దొరుకుతుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం డంపింగ్ యార్డుకే చేరుతుంది. ఈ విషయం తెలిసిన విద్యార్థి ఒక్కసారి వాడి పారేసే వస్తువును కొనేముందే ఆలోచిస్తాడు.

ఒక్క ఉదయం ఏరినంత మాత్రాన తీరం మారదని వెర్సోవా అనుభవం చూపుతుంది. ముంబైలోని ఆ తీరంలో న్యాయవాది అఫ్రోజ్ షా 2015 అక్టోబరులో ఏరివేత మొదలుపెట్టి, వారం తర్వాత వారం స్థానికులను కలుపుకుంటూ కొనసాగించారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆయనకు చాంపియన్ ఆఫ్ ది ఎర్త్ పురస్కారం ఇచ్చింది. 2018 మార్చిలో అదే తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి సముద్రంలోకి వెళ్ళడం జనం చూశారు. అలాగని అక్కడ చెత్త రావడం ఆగిపోలేదు, పోటుతో పాటు మళ్ళీ మళ్ళీ వచ్చింది, వారూ మళ్ళీ మళ్ళీ ఏరారు. నేను సమీక్షిస్తున్న బృందానికి కూడా ఒకే తీరాన్ని, ఒకే కొలతతో, క్రమం తప్పకుండా చూసుకోవడం ఎంతో అవసరం. వేరువేరు తీరాలకు ఒక్కోసారి వెళ్ళడం కన్నా దానివల్ల ప్రయోజనం ఎక్కువ.

పై లోపాలన్నీ ఉన్నా, ఈ బృందంతో చేరమని విద్యార్థులకు, వారిని పంపమని పాఠశాలలకు నిస్సంకోచంగా చెబుతాను. పేరు నమోదు చేసుకునేముందు నిర్వాహకులను మూడు సంగతులు అడగండి: చేతొడుగులు ఏ రకం, కార్డుల్లో రాసిన లెక్క ఎవరికి చేరుతుంది, బస్తాలను ఎవరు ఏ వేళకు తీసుకెళతారు. మూడో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే, బండి ఖరారయ్యే రోజుకు కార్యక్రమాన్ని వాయిదా వేయమని కోరండి. వీలైతే జల్లెడల జట్టులోనే చేరండి, ఆ జట్టుకు మనుషులు ఎప్పుడూ తక్కువే.