మావగారి ముత్తాతల కోసం ఐదేళ్లుగా ఇటలీ పెళ్లి పుస్తకాలు తిరగేశాక

ఇటలీ వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు జ్ఞానస్నానాల పుస్తకం పక్కన పెట్టి ముందు పెళ్లిళ్ల పుస్తకం తీయండి. ఐదేళ్ల తర్వాత నా మాట ఇదే. జ్ఞానస్నానం రాతలో ఒక బిడ్డ కనిపిస్తుంది, పెళ్లి రాతలో రెండిళ్లు ఒకేసారి దొరుకుతాయి.

మాది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. మా ఆయన వాళ్లు న్యూజెర్సీలో స్థిరపడ్డ ఇటాలియన్లు. మావగారి తాత దక్షిణ ఇటలీలోని పొటెంజా జిల్లాలోని ఒక కొండమీది ఊరి నుంచి ఓడెక్కి వచ్చాడట. ఇంట్లో మిగిలింది ఆ ఊరి పేరు, ఒక ఫొటో, అంతే.

మొదటి ఏడాది ఇంట్లో కూర్చునే బండి నడిచింది. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్ల ఆంతెనాతి పోర్టల్‌లో సివిల్ రిజిస్టర్ల, అంటే ప్రభుత్వం రాసిన పుట్టుక, పెళ్లి, మరణ పుస్తకాల బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. దేశం మొత్తానికి ఒకే సివిల్ నమోదు 1866లో వచ్చినా, నేపుల్స్ రాజ్యంలో 1809 నుంచే ఉంది. పొటెంజా ఆ రాజ్యంలోదే కాబట్టి మాకు కలిసొచ్చింది. అక్కడి అసలు నిధి ప్రొచెసెత్తి, అంటే పెళ్లికి ముందు జతచేసిన కాగితాల కట్ట. వధూవరుల పుట్టుక నకళ్లు అందులో ఉంటాయి. తండ్రి పోయి ఉంటే ఆయన మరణ నకలు, పెళ్లికి ఒప్పుకోవాల్సిన తాత కూడా లేకపోతే ఆయనదీ పెట్టాలి. అలా 1820ల నాటి ఒక్క పెళ్లి కట్టతో 1700ల్లో చనిపోయిన మనిషి దాకా వెళ్లిపోయాం. ఆ పాత నకళ్లు విచారణ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) గురువు తన పుస్తకంలో చూసి రాసిచ్చినవే.

1809కి ముందు కావాలంటే చర్చి పుస్తకాలే గతి. పెళ్లికి ముందు మూడుసార్లు చాటించాలి, గురువు, సాక్షుల ఎదుట జరిపించాలి, పుస్తకంలో రాయాలి అని కతోలిక చర్చి ట్రెంట్ మహాసభ 1563లో శాసించింది. అలాగని ప్రతి ఊళ్లో ఆ ఏడాది నుంచే పుస్తకాలు దొరుకుతాయని ఆశపడొద్దు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో కొన్ని విచారణలవి ఇంటి నుంచే చూడొచ్చు, కొన్ని వాళ్ల సెంటర్‌కి వెళ్తేనే తెరుచుకుంటాయి. మా ఊరివి ఆన్‌లైన్‌లోనే లేవు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. చివరికి మనుషులమే వెళ్లాం. అక్కడి ఫాదర్‌గారు ఒక ఉదయం రెండు గంటలు టైమ్ ఇచ్చారు. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, కానుక పెట్టెలో తోచింది వేసి వచ్చాం.

లాటిన్ అని టెన్షన్ పడక్కర్లేదు. ప్రతి పెళ్లికీ అవే వాక్యాలు, ఓ ఇరవై మాటలు వస్తే చాలు. జొవాన్నీని యొహాన్నెస్ అనీ, లుయీజీని అలొయ్‌సియుస్ అనీ రాస్తారు. నెలల దగ్గర మాత్రం నేను బోర్లా పడ్డాను. 7 అంకె వేసి పక్కన బ్రిస్ అని ఉంటే జూలై అనుకున్నాను. అది సెప్టెంబరు! లాటిన్‌లో సెప్తెం అంటే ఏడు కదా. అలాగే 8 అంకెతో రాసింది అక్టోబరు.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది పేర్లు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మనలాగే వాళ్లకీ ఆనవాయితీ. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పెద్దకొడుకులకూ ఒకే పేరు, ఇంటిపేరూ ఒకటే. అలాంటి ఇద్దరు నికోలాల్లో తప్పు నికోలాని పట్టుకుని ఎనిమిది నెలలు వేరేవాళ్ల చెట్టు ఎక్కాను. విడదీసింది ఒక చిన్న అక్షరం. తండ్రి పేరు ముందు క్యూ లాంటి గీత ఉంటే అది క్వోండం, అంటే కీర్తిశేషులైన ఫలానా వారి కొడుకు. పెళ్లినాటికి ఒకడి తండ్రి బతికే ఉన్నాడు, మరొకడి తండ్రి లేడు. ఆ గీత ముందే చూసుంటే ఎనిమిది నెలలు మిగిలేవి.

ఒక చోట మాత్రం నేనే ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నాను. 1760ల నాటి ఒక పెళ్లిలో, నాలుగో తరగతి రక్తసంబంధానికి డిస్పెన్సేషన్, అంటే చర్చి ప్రత్యేక అనుమతి, ఇచ్చారని ఉంది. మావగారు తెల్లమొహం వేశారు. మా అమ్మానాన్నలది మేనరికం, వాళ్ల పెళ్లికి బిషప్‌గారి అనుమతి తెచ్చుకున్నారు. నాకు కొత్తేముంది! చర్చి పాత లెక్కలో నాలుగో తరగతి అంటే ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒక్కరే అన్నమాట. 1917 దాకా అంత దూరపు చుట్టరికానికీ అనుమతి కావాల్సిందే. చుట్టరికం రుజువు చేయడానికి గీసిన చిన్న వంశవృక్షాలు మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) ఆర్కైవ్‌లోని డిస్పెన్సేషన్ ఫైళ్లలో దొరుకుతుంటాయి. మాదీ దొరికింది. ఐదు తరాలు ఒకే కాగితం మీద!

ఇంకో సుఖం, ఆడవాళ్లకి పెళ్లయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే రాస్తారు. మా అమ్మమ్మల ఇంటిపేర్లు వెతకాలంటే నాకే దిక్కు తోచదు. ఇంకొకటి, మనకి మూఢాలున్నట్టు వాళ్లకి క్రిస్మస్ ముందు ఆగమన కాలం, ఈస్టర్ ముందు తపస్కాలం. తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారానికి ముందు వారాల్లో పెళ్లిళ్లు కుప్పలుగా ఉంటాయి. తేదీ తెలియకపోతే అక్కడే మొదలుపెట్టండి.

లోపాలూ ఉన్నాయి. పాత రాతల్లో వయసు ఉండదు, చాలాసార్లు తల్లి పేరు కూడా ఉండదు. పెళ్లి ఎక్కువగా పెళ్లికూతురి విచారణలో జరుగుతుంది, కాబట్టి మన ఇంటి మగపిల్లల పెళ్లిళ్లలో చాలా పక్క ఊళ్ల పుస్తకాల్లో ఉంటాయి. ఖర్చంతా ప్రయాణానిదే. ఆన్‌లైన్‌లో ఎవరో అల్లిన చెట్లు మాత్రం అసలు పేజీ కళ్లారా చూడకుండా దించుకోవద్దు. నా తప్పు నికోలా సగం అక్కడి నుంచే వచ్చాడు.

ప్రస్తుతం 1712 దగ్గర ఆగాం. పెళ్లికూతురిది ఎదుటి కొండమీది ఊరు, మేత్రాసనం వేరు. అక్కడికీ ఉత్తరం రాశాను. ఈసారి మావగారు కూడా కింద సంతకం పెట్టారు.