కారు ఉంచుకోవాలా, అమ్మేయాలా?

భర్తో భార్యో పోయాక మిగిలిన కారును ఉంచుకోవచ్చు, లేదా అమ్మేయొచ్చు. ఏదైనా సరే, ముందు బీమా కంపెనీకి చెప్పాలి. పాలసీ పోయినవారి పేరునే ఉండగా బండి నడిపితే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కులు రావచ్చు.

ఉంచుకుంటే నడపాలి. కవరు కప్పి నెలల తరబడి వదిలేస్తే అలారం, గడియారం లాంటివి కొద్దికొద్దిగా కరెంటు లాగి 12 వోల్టుల బ్యాటరీని దించేస్తాయి. టైర్లలో గాలి తగ్గి, నేలకు ఆనినచోట చదునవుతాయి. పెట్రోలు పాతబడుతుంది. డ్రైవింగ్ రానివాళ్లకు ఇదంతా అదనపు టెన్షన్.

అమ్మితే డబ్బు వస్తుంది, ఖర్చు ఆగుతుంది. కానీ కాగితాల పని తప్పదు: వారసత్వ పత్రాలు, పేరు మార్పు, లోన్ ఉంటే దాని లెక్క. అన్నిటికన్నా కష్టం లోపల సర్దడం. సీటు ఇంకా పోయినవారి కాళ్ల పొడవుకే జరిపి ఉంటుంది; డ్యాష్‌బోర్డు అరలో కళ్లజోడు, పాత బిల్లులు. అవి తీసుకుని, కారు స్క్రీన్‌లో మిగిలిన ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసు చెరిపేయాలి.

నన్నడిగితే, రోజూ వాడేవాళ్లే ఉంచుకోవాలి. జ్ఞాపకం కోసమే అయితే కీచైన్ దాచుకుని అమ్మేయండి. మామూలు కారు ధర ఏటేటా దిగేదే.